కృష్ణబిలానికీ స్థానబలిమి ఉంటుంది

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రిక విజ్ఞానం పేజీలో, ఒక కృష్ణబిలం (బ్లాక్ హోల్) దగ్గర నుంచి రెండు దిక్కులకూ చిమ్ముకుపోయిన అతి పొడవైన జెట్ల (మహావేగంతో పోయే ధారల) గురించి వార్త ప్రచురించారు. తెలుగు దినపత్రికలో ఇలాంటి సంగతికి పావు పేజీ దక్కడమే అపురూపం కాబట్టి ముందుగా మీకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. అయితే ఆ వార్తలో ఒక కొలత తప్పు పడింది, అంతకన్నా ముఖ్యమైన విషయం ఒకటి అసలు చోటే చేసుకోలేదు. కొలత సంగతి చిన్న సవరణతో తీరిపోతుంది. రెండోదాని కోసమే ఇంత పొడుగు ఉత్తరం రాయవలసి వచ్చింది.

బెంగళూరు విద్యారణ్యపురలో మేముండే అపార్ట్‌మెంటు అసోసియేషన్ గదిలో ప్రతి ఆదివారం ఉదయం పది పన్నెండు మంది పిల్లల చేత తెలుగు చదివిస్తుంటాను. బళ్లో కన్నడం నేర్చుకుంటారు కాబట్టి మన అక్షరాలు పోల్చుకోవడం వాళ్లకు కష్టం కాదు. తలకట్టు దగ్గరా, ‘క’ దగ్గరా, ‘శ’ దగ్గరా మాత్రం కాస్త తడబడతారు. వాచకం కన్నా పేపరు చదివించడమే నాకు ఇష్టం. ఆ రోజు మీ వార్త పైకి చదువుతున్న తొమ్మిదో తరగతి అమ్మాయి ‘2.3 కోట్ల కిలోమీటర్లు’ అన్న చోట ఆగి, లేచి బోర్డు దగ్గరికి వెళ్లి, చంద్రుడి దూరం 3,84,000 అని రాసుకుని భాగించింది. అరవై వచ్చింది. ‘‘మేడమ్, ఇది చందమామకు అరవై రెట్ల దూరమే కదా, శుక్రుడు బాగా దగ్గరికి వచ్చినప్పుడు కూడా నాలుగు కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు, అక్కడిదాకా కూడా చేరనిదాన్ని పట్టుకుని ఇంత గొప్పగా రాశారేంటి?’’ అని అడిగింది.

అక్కడ ఉండవలసిన మాట కిలోమీటర్లు కాదు, కాంతి సంవత్సరాలు. ఒక కాంతి సంవత్సరం అంటే దాదాపు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. అచ్చులో జారిన ఒక్క మాటతో ఆ జెట్లు అన్ని రెట్లు కురచైపోయాయి. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. మన పాలపుంత నడిమధ్యన ఉన్న కృష్ణబిలం సుమారు 43 లక్షల సూర్యుళ్ల బరువు ఉంటుంది, దాని అంచు ఈ కొస నుంచి ఆ కొసకు కొలిస్తేనే రెండున్నర కోట్ల కిలోమీటర్లు. మీరు అచ్చువేసిన కొలత ప్రకారం ఆ మహా జెట్లు ఒక ఓ మోస్తరు కృష్ణబిలం గడప కూడా దాటలేదన్నమాట.

ఆ జెట్ల జంటకు పోర్ఫిరియన్ అని పేరు పెట్టారు. గ్రీకు పురాణాల్లో అదొక మహాకాయుడి పేరు. 2024 సెప్టెంబరులో ఖగోళ శాస్త్రవేత్త మార్టైన్ ఊయి బృందం నేచర్ అనే విజ్ఞాన పత్రికలో దీన్ని వెల్లడించింది. ఈ కొస నుంచి ఆ కొసకు 2.3 కోట్ల కాంతి సంవత్సరాలు, అంటే నూట నలభై పాలపుంతలను వరుసగా పేర్చినంత పొడవు అని లెక్కకట్టారు. మీ వార్తలో ‘విదేశీ శాస్త్రవేత్తలు’ అన్న మాట ఒక్కటే ఉంది. జెట్ల జాడ పట్టింది యూరప్‌లోని లోఫార్ రేడియో టెలిస్కోపే గానీ, అవి ఏ గెలాక్సీ నుంచి బయల్దేరాయో తేల్చడంలో పుణె దగ్గరి ఖోడద్‌లో ఉన్న మన జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు చేతి సాయం ఉంది. గోవింద్ స్వరూప్ నాయకత్వంలో కట్టిన ఆ టెలిస్కోపుకు ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పున ముప్ఫై డిష్‌లు ఉన్నాయి. ఆ తరువాత హవాయిలోని కెక్ టెలిస్కోపు దూరం కొలిచింది. మన పాలపుంతకు దాదాపు పది రెట్లు బరువున్న ఆ గెలాక్సీని, విశ్వం వయసు 630 కోట్ల ఏళ్లప్పుడు ఎలా ఉందో అలా మనం ఇప్పుడు చూస్తున్నాం.

ఇక అసలు విషయానికి వస్తాను. ‘మహాబలశాలి అయిన కృష్ణబిలం’ అన్న మాట మీ వార్తలో మూడు చోట్ల కనిపించింది. చదివినవాళ్లకు, ఎక్కడో చీకట్లో ఒంటరిగా కూర్చున్న రాక్షసుడు తన కడుపులోది పైకి కక్కుతున్నాడన్న బొమ్మ మనసులో నిలిచిపోతుంది. జెట్ కృష్ణబిలం లోపలి నుంచి రాదు. లోపలికి పోయినదేదీ తిరిగి రాదని పిల్లలకు కూడా తెలుసు. చుట్టూ తిరుగుతూ లోపలికి జారుతున్న వాయువు తనతో పాటు అయస్కాంత క్షేత్రాన్ని ఈడ్చుకొస్తుంది, గిరగిరా తిరిగే కృష్ణబిలం ఆ క్షేత్రాన్ని మెలిపెడుతుంది, ఆ మెలిక నుంచి శక్తి రెండు ధృవాల వైపు తన్నుకుంటూ బయటికి పోతుంది. కాబట్టి జెట్‌కు మొట్టమొదట కావలసింది తిండి. ఆ తిండి గెలాక్సీకి ఎక్కడి నుంచి వస్తుంది, బయటికి పోయే జెట్‌కు దారిలో ఏం అడ్డం వస్తుంది అన్న రెండు ప్రశ్నలకూ జవాబు కృష్ణబిలంలో దొరకదు, ఆ గెలాక్సీ విశ్వంలో ఏ చోట కాపురముందో చూస్తేనే దొరుకుతుంది. మనవాళ్లు స్థానబలిమి అంటారే, అది. నీళ్లలో ఉన్న మొసలికీ గట్టెక్కిన మొసలికీ ఎంత తేడా ఉంటుందో, ఒకే బరువున్న రెండు కృష్ణబిలాల మధ్య అంత తేడా ఉండవచ్చు.

గెలాక్సీలు విత్తనాలు వెదజల్లినట్టు ఆకాశమంతా సమంగా పరచుకుని లేవు. స్వాతి నక్షత్రం ఉండే బూటీస్ మండలం దిశలో, పాతిక కోట్ల కాంతి సంవత్సరాలకు పైబడిన మేర గెలాక్సీలు దాదాపు లేనే లేని చోటు ఒకటుందని 1981లో బయటపడింది. 1986లో వాలెరీ ద లాపరాన్, మార్గరెట్ గెల్లర్, జాన్ హుక్రా ఆకాశంలో ఒక సన్నని చీలికను ఎంచుకుని, అందులోని సుమారు 1,100 గెలాక్సీల దూరాలతో పటం గీస్తే అది సబ్బు నురుగును కోసి చూసినట్టు వచ్చింది. బకెట్లో బట్టలు నానవేసినప్పుడు ఆ నురుగును కాసేపు దగ్గరగా చూడండి. బుడగ లోపల అంతా ఖాళీ. రెండు బుడగలు ఆనుకున్న చోట పలచని పొర. మూడు పొరలు కలిసిన చోట ఒక గీత. నాలుగు గీతలు కలిసిన చోట ఒక చుక్క. విశ్వంలోనూ ఇంతే, పెద్ద పెద్ద ఖాళీలు, వాటి చుట్టూ గోడలు, గోడలు కలిసే చోట పోగులు, పోగులు కలిసే చోట ముడులు. ఆ ముడుల్లోనే వందల, వేల గెలాక్సీల గుంపులు ఉంటాయి. 2017లో మన దేశపు శాస్త్రవేత్తలు మీనరాశి దిశలో 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన కనిపెట్టి ‘సరస్వతి’ అని పేరు పెట్టిన మహాగుంపు, అలాంటి పోగులూ ముడులూ 60 కోట్ల కాంతి సంవత్సరాల మేర కలిసి ఉన్న ప్రాంతం.

ఈ అల్లిక ఎలా ఏర్పడిందన్నది పెద్ద కథ, దాన్ని రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను. తొలినాటి విశ్వంలో లక్షకు ఒక వంతు పాటి ఎగుడుదిగుళ్లు ఉండేవని 1992లో కోబె ఉపగ్రహం చూపింది. కాస్త బరువెక్కువున్న చోటికి చుట్టుపక్కల పదార్థం, అందులోనూ కంటికి కనిపించని కృష్ణపదార్థం, వందల కోట్ల ఏళ్లుగా జారుతూ వచ్చింది. ఉన్నచోటికే ఇంకా చేరింది, లేనిచోట ఉన్నదీ పోయింది.

ఇప్పుడు ఈ అల్లికలో ఉండే గెలాక్సీల సంగతి. 1980లో అలన్ డ్రెస్లర్ 55 గుంపుల్లోని గెలాక్సీలను పరిశీలించి, జనం ఎక్కువున్న చోట సుడులు లేని గుండ్రటి ముసలి గెలాక్సీలూ, జనం పలచబడిన చోట మన పాలపుంత వంటి సుడి గెలాక్సీలూ ఎక్కువని తేల్చాడు. ఊరిని బట్టి మనిషి రూపం మారకపోవచ్చు గానీ, గెలాక్సీ రూపం మాత్రం ఉన్న చోటును బట్టి కచ్చితంగా మారుతుంది. దీనికి కారణాలు చాలా ఉన్నా, కంటికి కట్టినట్టు కనిపించేది ఒకటుంది, అందులో బెంగళూరు పాత్ర కూడా ఉంది కనుక కొంచెం వివరంగా రాస్తాను.

ముడుల్లోని గెలాక్సీల మధ్య చోటు ఉత్త ఖాళీ కాదు, కోట్ల డిగ్రీల వేడిలో ఉన్న వాయువుతో నిండి ఉంటుంది. చాలా పలచన, లీటరు చోటులో ఒకటి నుంచి కొన్ని పదుల రేణువులే ఉంటాయి. అయినా, ఏబెల్ 85 అనే గుంపులోకి సెకనుకు 3,000 కిలోమీటర్లకు పైబడిన వేగంతో దూసుకుపోతున్న జేఓ201 అనే గెలాక్సీకి ఆ పలచని వాయువే పెనుగాలి అవుతుంది. ఎదురుగాలి దాని వాయువును ఒలిచి వెనక్కి ఈడుస్తోంది. ఆ తోకల్లో కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. చూడటానికి సముద్రంలో జెల్లీ చేపలా ఉంటుంది కనుక వీటిని జెల్లీ చేప గెలాక్సీలంటారు. ఆ కొత్త నక్షత్రాల అతినీలలోహిత కాంతిని చూసింది మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలోని యూవీఐటీ టెలిస్కోపు. కోరమంగళలోని భారత ఖగోళ భౌతికశాస్త్ర సంస్థవాళ్లు దాన్ని హోసకోటె దగ్గరి తమ ప్రయోగశాలలో సిద్ధం చేశారు, 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి అది నింగికెగిరింది.

జెల్లీ చేపల సంగతి ఎందుకు ఎత్తానంటే, 2017లో బియాంకా పోజ్జాంటి బృందం ఇలాంటి గెలాక్సీల్లో తోకలు బాగా సాగినవి ఏడింటిని పరిశీలిస్తే ఆరింటి నడుమ కృష్ణబిలాలు చురుగ్గా మేస్తున్నట్టు తేలింది. మామూలు గెలాక్సీల్లో ఆ పాళ్లు ఎంతో తక్కువ. ఎదురుగాలి గెలాక్సీ అంచుల్లోని వాయువును ఒలవడమే కాకుండా, మిగిలిన వాయువు తిరుగుడు వేగాన్ని తగ్గించి కొంతభాగం నడిమికి జారేలా చేస్తుందని వారి వివరణ. అంతటితో ఆగలేదు. జేఓ201 నడుమ, మేత తిన్న కృష్ణబిలం తన చుట్టూ వాయువును వేడెక్కించి, అక్కడ నక్షత్రాలు పుట్టకుండా ఒక గుంట లాంటి చోటు చేసిందని యూవీఐటీ చిత్రాలే చూపాయి. ముడిలోకి పడటం వల్ల గాలి, గాలి వల్ల మేత, మేత వల్ల కృష్ణబిలానికి ఉధృతి, ఆ ఉధృతి వల్ల గెలాక్సీకి కరువు. ఈ గొలుసులో మొదటి కొక్కెం కృష్ణబిలం కాదు, చోటు.

జెట్లకు కూడా ఈ గాలి తగులుతుంది. శుక్రవారం సాయంత్రం మా వీధిలో ఒకాయన దుకాణం దుకాణానికీ సాంబ్రాణి పొగ వేసుకుంటూ పోతాడు. అంగడి ముందు నిలబడ్డప్పుడు పొగ నిటారుగా లేస్తుంది; పక్క అంగడికి చకచకా నడుస్తున్నప్పుడు అదే పొగ ఆయన భుజం మీదుగా వెనక్కి వాలిపోతుంది. వీధిలో గాలి లేదు, ఆయన నడకే గాలి. పెర్సియస్ గుంపులోని ఎన్‌జీసీ 1265 గెలాక్సీ రేడియో చిత్రం అచ్చం అలాగే ఉంటుంది: ఎదురెదురు దిక్కులకు బయల్దేరిన రెండు జెట్లూ విల్లులా వంగి, వెనక ఒకే తోకగా కలిసిపోయాయి. ఇప్పుడు శాస్త్రవేత్తలు దీన్ని తలకిందులుగా కూడా వాడుకుంటున్నారు. వంగిన జెట్లు కనిపిస్తే అక్కడ ఇంకా మనం గుర్తించని గెలాక్సీల గుంపు ఉండవచ్చని వెతుకుతున్నారు.

గుంపు నడిబొడ్డున కదలకుండా కూర్చున్న పెద్ద గెలాక్సీ పరిస్థితి వేరు. పెర్సియస్ గుంపు మధ్యన ఉన్న ఎన్‌జీసీ 1275 జెట్లు దూరం పోలేక, చుట్టూ ఉన్న వేడి వాయువులో బుడగలు ఊదాయి. ఆ బుడగల చుట్టూ ధ్వని అలలు వ్యాపిస్తున్నాయని 2003లో చంద్ర ఎక్స్‌రే టెలిస్కోపు సమాచారం నుంచి తెలిసింది. ఒక అలకూ మరో అలకూ మధ్య దాదాపు కోటి ఏళ్లు. మన ఇళ్లలో గీజర్ ఎలా పనిచేస్తుందో ఇక్కడా అలాగే: వాయువు చల్లబడితే నడిమికి జారుతుంది, కృష్ణబిలం మేస్తుంది, జెట్ ఎగుస్తుంది, వాయువు వేడెక్కుతుంది, జారడం ఆగుతుంది, జెట్ నెమ్మదిస్తుంది, మళ్లీ చల్లబడుతుంది. 1918లోనే ఖగోళ శాస్త్రవేత్త హీబర్ కర్టిస్ కంటపడిన ఎం87 గెలాక్సీ జెట్ కూడా ఇలాంటిదే. దాని కృష్ణబిలం 650 కోట్ల సూర్యుళ్ల బరువు, 2019లో మనమంతా ఫొటో చూసినది అదే. అంత బరువున్నా, కన్యారాశి గుంపు వాయువు చుట్టూ నొక్కి పట్టడం వల్ల జెట్ ఊదిన, రేడియో తరంగాల్లో కనిపించే దాని మేఘం రెండు మూడు లక్షల కాంతి సంవత్సరాల లోపలే ఆగిపోయింది. జెట్ల శక్తిలోనూ తేడా ఉంది, కాదనను; కానీ పోర్ఫిరియన్‌లో వందో వంతు పొడవు కూడా సరిగా లేకపోవడానికి బరువు తక్కువ కావడం కారణమని మాత్రం ఎవరూ అనలేరు.

ఇక్కడ నా పాఠం కూడా ఒకటి దిద్దుకోవలసి వచ్చింది. అడ్డం లేని పలచని చోట్లలోనే జెట్లు అంత పొడవు పెరుగుతాయని కళాశాలలో ఏళ్ల తరబడి చెప్పాను. అప్పట్లో చాలామంది అనుకున్నది అదే. అయితే ఊయి, ఆయన సహచరులు లోఫార్‌కు దొరికిన భారీ జెట్లను విశ్వపు అల్లిక పటం మీద గుర్తులు పెట్టి చూస్తే, వాటిలో బాగా ప్రకాశించేవి దట్టమైన చోట్లలోనే ఎక్కువగా కనిపించాయి. ఆలోచిస్తే ఇందులో వింత లేదు. ఖాళీలో దారి సాఫీగా ఉంటుంది గానీ తిండి ఉండదు. ముడిలో తిండి ఉంటుంది గానీ దారి ఉండదు. పోర్ఫిరియన్ పుట్టిన గెలాక్సీ పోగు మీద ఉంది, జెట్లు మాత్రం ఆ పోగును దాటి పక్కనున్న ఖాళీల్లోకి పొడుచుకుపోయాయి. పైగా అప్పటి విశ్వం ఇప్పటికన్నా సగటున ఏడు రెట్లు దట్టంగా ఉండేది. కాంతివేగంతో పోయినా ఒక్కో వైపు కోటి పదిహేను లక్షల ఏళ్లు పట్టే దూరం అది, అసలు వేగం అంతకన్నా తక్కువ. అన్నాళ్లూ మేత ఆగకూడదు, కృష్ణబిలం తిరిగే ఇరుసు పక్కకు ఒరగకూడదు. స్థానబలిమి అంటే అనువైన చోటు ఒక్కటే కాదు, అన్ని కోట్ల ఏళ్లు కుదురుగా ఉండనిచ్చే చోటు కూడానేమో అనిపిస్తుంది.

ఇరుసుల గురించి ఇంకో మాట. 2014లో డామియన్ హుట్సెమేకర్స్ బృందం కొన్ని క్వేజార్ల (కృష్ణబిలం ఉధృతంగా మేస్తుండటం వల్ల మహా కాంతితో వెలిగే గెలాక్సీ నడిబొడ్ల) ఇరుసులు అవి ఉన్న పోగుల దిశను బట్టి ఒకే తీరున ఉన్నట్టు చెప్పింది. 2016లో రస్ టేలర్, ప్రశాంత్ జగన్నాథన్ మన జీఎంఆర్‌టీ పరిశీలనల్లోనే, ఆకాశంలో ఒక చిన్న ప్రాంతంలోని జెట్లు చాలావరకు ఒకే దిక్కుకు మొగ్గుతున్నాయని గుర్తించారు. నిజమైతే, కోట్ల కాంతి సంవత్సరాల పోగుకూ మన సౌరకుటుంబమంత కృష్ణబిలానికీ మధ్య సంబంధం ఉన్నట్టే. కానీ చూసిన క్వేజార్లూ జెట్లూ పదుల సంఖ్యలోనే ఉన్నాయి, ఇంత కొద్ది లెక్కతో అంత పెద్ద మాట ఒప్పుకోవడానికి నా మనసు అంగీకరించదు. ఇలాంటివి వార్తగా వేసేటప్పుడు ‘రుజువైంది’ అనకుండా ‘కనిపించింది’ అంటే చాలు.

మీ వార్తాహరులకు ఒక విన్నపం కూడా ఉంది. బెంగళూరు నుంచి హిందూపురం మీదుగా ధర్మవరం పోయే రైలెక్కితే దారిలో గౌరిబిదనూరు వస్తుంది. ఆ ఊరి దగ్గర పొలాల నడుమ, బట్టలారేసే దండేల్లా కనిపించే రేడియో టెలిస్కోపు ఒకటి 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశాన్ని వింటూ వచ్చింది. జెట్లలో ముసలివైన ఎలక్ట్రాన్లు మిగిల్చే మసక వెలుగు పొడవు తరంగాల్లోనే బాగా కనిపిస్తుంది కాబట్టి, ఈ రంగంలో మన దేశానికి పాత అనుభవం ఉంది. పలు దేశాలు కలిసి కడుతున్న ఎస్‌కేఏ రేడియో టెలిస్కోపులో చేరడానికి కేంద్ర ప్రభుత్వం సుమారు 1,250 కోట్ల రూపాయలు మంజూరు చేసింది కూడా. హిందూపురానికి కూతవేటు దూరంలో జరిగే పని గురించి తెలుగు పత్రికలో ఒక్క వాక్యం పడినా అనంతపురం, సత్యసాయి జిల్లాల పిల్లలు చదువుకుంటారు.

సవరణను ఇలా వేయవచ్చు: ‘2.3 కోట్ల కిలోమీటర్లు అని పడిన చోట 2.3 కోట్ల కాంతి సంవత్సరాలు అని చదువుకోగలరు.’ అది ఏ రోజు వేసినా ఆ పేపరు దాచి ఉంచి, తరువాతి ఆదివారం బోర్డు మీద లెక్క వేసిన అమ్మాయి చేతనే చదివిస్తాను.

భవదీయురాలు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకురాలు,
విద్యారణ్యపుర, బెంగళూరు